పళ్లు చెప్పిన పేర్లు

ఆస్కార్ అమొయెడో... పళ్ల డాక్టరు చదువు చదివినవాళ్లకి ఈ పేరు బాగా తెలుసు. చనిపోయిన మనిషి ఎవరో పళ్లని బట్టి చెప్పే విద్యకి ఆయన్నే పితామహుడంటారు. ఆయన కథ నన్ను ఇన్నాళ్లుగా వదలకపోవడానికి కారణం మాత్రం అందులోని ఆడవాళ్లు.

అమొయెడో 1863లో క్యూబాలో, మతాంజాస్ అనే ఊళ్లో పుట్టారు. న్యూయార్క్ వెళ్లి పళ్ల వైద్యం చదువుకున్నారు. 1889లో పారిస్‌లో దంతవైద్యుల మహాసభ జరిగితే క్యూబా ప్రతినిధిగా వెళ్లారు. ఆ ఏడే ఈఫిల్ టవర్ కూడా కొత్తగా తెరిచారు. వెళ్లినాయన ఇక తిరిగి రాలేదు, అక్కడే స్థిరపడి వైద్యం చేస్తూ పాఠాలు చెప్పుకున్నారు.

ఇక ఆ రోజు సంగతి. 1897 మే 4. పారిస్‌లో ఏటా పేదల సాయం కోసం పెద్దింటి ఆడవాళ్లంతా కలిసి ఒక బజారు పెట్టేవారు. మన లేడీస్ క్లబ్బులు స్టాళ్లు పెట్టి అమ్ముతాయి చూడండి, అలాంటిదే. ఆ ఏడు జా గూజోఁ వీధిలో పొడవాటి చెక్క షెడ్డు వేసి, లోపల గుడ్డలతో, అట్టలతో పాతకాలపు వీధిలా అలంకరించారు. జనాన్ని ఆకర్షించడానికి అప్పుడే పుట్టిన వింత సినిమా కూడా పెట్టారు. ఆ యంత్రం దీపం ఈథర్‌తో వెలిగేది. దీపంలో ఈథర్ పోస్తుండగా ఎవరో అగ్గిపుల్ల గీశారు. అంతే! పావుగంటలో షెడ్డంతా బూడిద. 120 మందికి పైగా పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. పాదాల దాకా జీరాడే పల్చటి గౌన్లు, పొరలు పొరలుగా లోపలి బట్టలు. ఆ బట్టల్తో పరిగెత్తడం ఎలా?

శవాల్ని ఒక పెద్ద భవనంలో వరసగా పడుకోబెట్టారు. ఉంగరం చూసి ఒకరిని, గొలుసు చూసి ఒకరిని, కాలని గుడ్డముక్క చూసి మరొకరిని ఇంటివాళ్లు గుర్తుపట్టారు. చివరికి ముప్పయి మంది దాకా ఎవరో తెలియకుండా మిగిలిపోయారు. వాళ్లలో అలాన్సోఁ డచెస్ సోఫీ ఒకరు. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్‌కి స్వయానా చెల్లెలు. వయసు 50. తన దగ్గర పనిచేస్తున్న ఆడపిల్లలు బయటపడేదాకా కదలనని ఆమె అక్కడే ఉండిపోయారట. రోజూ దగ్గరుండి ముస్తాబు చేసిన పనిమనిషి కూడా ఆమెని పోల్చుకోలేకపోయింది.

అప్పుడు పారిస్‌లోని పరాగ్వే కాన్సల్‌కి ఒక ఆలోచన వచ్చింది. వీళ్ల పళ్ల డాక్టర్లని పిలిస్తే? డాక్టర్లు తమ పుస్తకాలు పట్టుకొచ్చారు. ఏ పన్ను పీకారో, దేనికి బంగారం నింపారో అందులో రాసి ఉంది. డచెస్‌ని ఆమె డాక్టరు ఆ బంగారం చూసి గుర్తుపట్టారు. మన ఒంట్లో పంటి పైపొర అంత గట్టిది ఇంకేదీ లేదు. పైగా నాలుక, బుగ్గలు వెనక పళ్లకి కొంతసేపు అడ్డుగా నిలుస్తాయి. అందుకే అంత మంటలోనూ పళ్లు నిలిచాయి.

మరి అమొయెడో ఏం చేశారు? శవాల్ని గుర్తుపట్టింది ఆయన కాదు. తోటి డాక్టర్లు చూసినదంతా అడిగి సేకరించి, ఆ ఏడే మాస్కో వైద్య మహాసభకి సమర్పించారు. మరుసటి ఏడు, 1898లో, కోర్టు వ్యవహారాల్లో పళ్ల వైద్యం ఎలా పనికొస్తుందో వివరిస్తూ పెద్ద గ్రంథమే రాశారు. ఆ మాత్రానికే పితామహుడా అని కొందరు అడుగుతారు. నేనైతే ఆ గౌరవం ఆయనకి తగినదే అంటాను. ఇంట్లో ఆవకాయ పెట్టే చేతులు చాలా ఉంటాయి, కొలతలు రాసిపెట్టే చెయ్యి ఒకటే ఉంటుంది. ఆ ఒక్క చెయ్యి లేకపోతే తర్వాతి తరానికి ఏం మిగులుతుంది? కాకపోతే ఆయనకి దండ వేసేటప్పుడు ఆ కాన్సల్‌నీ, పుస్తకాలు జాగ్రత్తగా రాసుకున్న డాక్టర్లనీ కూడా తలుచుకోవాలి.

ఒక్క మాట మాత్రం నన్ను గుచ్చుతూనే ఉంటుంది. పంటికి బంగారం నింపించుకున్న డచెస్‌కి పేరు దక్కింది. జన్మలో పళ్ల డాక్టరు ముఖం చూడని పేదరాలైతే? 2004 సునామీ అప్పుడు థాయ్‌లాండ్‌లో ఇదే తేలింది. అక్కడికి వచ్చిన విదేశీయుల్ని ఎక్కువగా పళ్ల రికార్డులతోనే గుర్తించారు. స్థానికుల్లో చాలామందికి అసలు రికార్డులే లేవు. మన సంగతీ అంతే కదూ! పన్ను పీకించుకుని ఇంటికొస్తే చేతిలో ఉండేది మందుల చీటీ ఒక్కటే. ఎక్స్‌రే తీసినా అది ఏ బీరువా కింద పడుందో ఎవరికీ తెలీదు.

అమొయెడో 1945లో కన్నుమూశారు. మంటలు రేగిన చోట 1900 నాటికే ఒక ప్రార్థనా మందిరం కట్టారు. పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానంలో ఇంకో స్మారకం కూడా ఉంది. అది పళ్లు, నగలు, బట్టలు ఏవీ పేరు చెప్పలేకపోయిన వాళ్లది.