ఆకును, పురుగును ఒకే పుటలో చూపిన మరియా మెరియన్

1660లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో పదమూడేళ్ల మరియా సిబిల్లా మెరియన్ పట్టుపురుగులను పెంచడం మొదలుపెట్టారు. గుడ్డు పగిలి పురుగు రావడం, ఆకు తిని పెరగడం, గూడు కట్టుకోవడం, చివరకు రెక్కలతో బయటపడడం ఆమె శ్రద్ధగా గమనించారు. పురుగులు బురదలో నుంచి, కుళ్లిన పదార్థాల నుంచి వాటంతట అవే పుడతాయని పండితులు సైతం నమ్మిన రోజులవి. ఆ నమ్మకాన్ని ప్రయోగాలతో ఎదుర్కొన్న ఇటలీ శాస్త్రవేత్త ఫ్రాన్సెస్కో రెడీ గ్రంథం వెలువడడానికి అప్పటికింకా ఎనిమిదేళ్లు ఉంది.

మెరియన్ 1647 ఏప్రిల్ 2న జన్మించారు. తండ్రి మాథియస్ మెరియన్ పేరున్న ముద్రణ చిత్రకారుడు, ప్రచురణకర్త. ఆమెకు మూడేళ్ల వయసులో ఆయన మరణించారు. సవతి తండ్రి యాకోబ్ మారెల్ పూల చిత్రకారుడు. బొమ్మలు వేసే విద్య ఆమెకు ఇంట్లోనే అబ్బింది. 1665లో మారెల్ శిష్యుడు యోహాన్ ఆండ్రియాస్ గ్రాఫ్‌ను వివాహమాడారు. వారికి ఇద్దరు కుమార్తెలు.

1679లో న్యూరెంబర్గ్‌లో ఉండగా గొంగళిపురుగులపై ఆమె తొలి గ్రంథం వెలువడింది. అందులో యాభై చిత్రాలున్నాయి. అంతకుముందు గ్రంథాలు కీటకాన్ని చాలావరకు ఖాళీ కాగితం మీద ఒంటరిగా చూపేవి. మెరియన్ ముందుగా మొక్కను గీశారు. దాని మీద గుడ్లు, ఆకును కొరుకుతున్న గొంగళిపురుగు, ప్యూపా, రెక్కలు విచ్చిన సీతాకోకచిలుక లేదా శలభం, అన్నీ ఒకే చిత్రంలో కనిపిస్తాయి. కొన్ని పురుగులు ఒకే రకం మొక్కను ఆశ్రయించి బతుకుతాయని ఆమె గుర్తించారు. కొన్ని గొంగళిపురుగుల నుంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న ఈగల వంటి కీటకాలు వెలువడడం కూడా నమోదు చేశారు. అవి ఆ పురుగును తిని పెరిగిన పరాన్నజీవులు. నేడు పైరుకు పట్టిన తెగులును పరిశీలించే శాస్త్రవేత్త మొదట అడిగేది పురుగు ఏ మొక్క మీద కనిపించిందనే. ఆ ప్రశ్నకు చిత్రరూపమిచ్చిన తొలివారిలో మెరియన్ ఒకరు.

1685లో ఆమె భర్తను విడిచి, తల్లితో, కుమార్తెలతో నెదర్లాండ్స్‌లోని ఒక మత సమాజంలో చేరారు. 1691లో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లారు. అక్కడి సంపన్నుల సేకరణల్లో దూరదేశాల కీటకాలు ఎండిపోయి, సూదులకు గుచ్చి ఉండేవి. అవి ఏమి తిన్నాయో, ఎలా పెరిగాయో చెప్పగలవారు లేరు. 1699లో తన చిత్రాలు అమ్మి, ఆ సొమ్ముతో 52 ఏళ్ల వయసులో చిన్న కుమార్తె డొరొథియాను వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని డచ్ వలస రాజ్యం సురినామ్‌కు ఓడ ఎక్కారు.

చక్కెర తప్ప మరేదీ పట్టని తోటల యజమానులు ఆమెను ఎగతాళి చేశారు. ఆమెకు దారి చూపింది మూలవాసులు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. అడవిలో ఆమె కోసం పొదలు నరికి బాట వేసింది కూడా ఆ బానిసలే. ఈ వైరుధ్యాన్ని దాటవేస్తే ఆమె కథ అసంపూర్ణమవుతుంది. మన పెరళ్లలో పూసే రత్నగంధిని ఆమె అక్కడ గొంగళిపురుగుతో సహా చిత్రించారు. పక్కనే, తమ బిడ్డలు బానిసలుగా పుట్టకూడదని అక్కడి బానిస స్త్రీలు దాని విత్తనాలతో గర్భస్రావం చేసుకునేవారని, ఆ సంగతి వారే తనకు చెప్పారని రాశారు. కీటకాల గ్రంథంలో ఆనాటి పాఠకులు ఊహించని విషయమిది.

అనారోగ్యంతో 1701లో తిరిగివచ్చి, 1705లో 60 చిత్రాలతో సురినామ్ కీటకాల గ్రంథాన్ని లాటిన్, డచ్ భాషల్లో ప్రచురించారు. ఒక చిత్రంలో జామ కొమ్మ మీద ఆకులు కత్తిరించే చీమలు, పిట్టను తింటున్న పెద్ద సాలీడు ఉంటాయి. అందులో పొరపాట్లూ ఉన్నాయి. రెండు రకాల చీమల నడవడిని ఆమె ఒకటిగా కలిపేశారు. గ్రంథంలో మరోచోట ఒక పురుగు తల రాత్రివేళ వెలుగుతుందని రాశారు. అది నిజం కాదు.

1715లో పక్షవాతం సోకింది. 1717 జనవరి 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశారు. ఆ రోజుల్లోనే రష్యా చక్రవర్తి పీటర్ తరఫున ఆయన వైద్యుడు ఆమె చిత్రాలను పెద్ద సంఖ్యలో కొనుగోలు చేశారు. తర్వాత డొరొథియా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడ్డారు.

జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఆమె చిత్రాలను పలుమార్లు ఆధారంగా తీసుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో మాత్రం గాలి మారింది. సురినామ్‌లో అడుగుపెట్టని లాన్స్‌డౌన్ గిల్డింగ్ అనే ఆంగ్లేయుడు 1834లో ఆమె గ్రంథాన్ని తీవ్రంగా విమర్శించారు. పిట్టను తినే సాలీడును పలువురు కట్టుకథగా కొట్టిపారేశారు. 1863లో హెన్రీ బేట్స్ తన అమెజాన్ యాత్రా గ్రంథంలో, చెట్టు మీద అటువంటి సాలీడు రెండు చిన్న పక్షులను పట్టి ఉండగా తాను చూసినట్లు నమోదు చేశారు.