కోడి రామమూర్తి నాయుడు

ఆంధ్రదేశమున బలశాలుల ప్రసక్తి వచ్చినపుడు తొలుత స్మరింపబడు పేరు కోడి రామమూర్తి నాయుడు. ఈయన 1882వ సంవత్సరమున వీరఘట్టమునందు జన్మించెను. బాల్యముననే తల్లిని గోల్పోయి, విజయనగరములో పినతండ్రి యింట పెరిగెను.

అచట చదువుకంటె వ్యాయామమునందే ఆయనకు మక్కువ హెచ్చయ్యెను. పిమ్మట మద్రాసునందలి సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. అనంతరము సర్కసు సంఘమును నెలకొల్పి దేశవిదేశములందు ఖ్యాతి గాంచెను. రొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, ఉక్కు గొలుసులను త్రెంచుట ఆయనకు పరిపాటి. విజయవాడ ప్రదర్శనమున వైస్రాయి మింటో ప్రభువు మోటారుకారును కదలనీయక నిలిపెనని చెప్పుదురు.

ఇంతటి బలము ఒక్కనాట వచ్చినది కాదు. ఆయన శాకాహారి. కసరత్తును, ప్రాణాయామమును ఏనాడును విడువక చేసెడివాడు. తుదకు కాలిపై పుండు లేచి, కాలు తీసివేయవలసివచ్చెను. అపుడు మత్తుమందు గొనక, ప్రాణాయామముతోనే ఆ బాధను సహించెనని ప్రతీతి. 1942లో ఆయన కీర్తిశేషుడయ్యెను.

బాలలారా! వ్యాధి బలవంతునైనను విడువదు. అయినను నిత్యవ్యాయామము గుండెజబ్బును, మధుమేహమును చాలవరకు దూరముచేయునని వైద్యులు కనుగొనిరి. బాలబాలికలు దినమునకు సగటున 60 నిమిషములైనను దేహశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. చిన్ననాటి అలవాటే ముదిమిలో ఊతకఱ్ఱ. ఏనుగును మోయుట అందరికిని సాధ్యము కాదు. గవర్నర్‌పేట వీథులలోని బాలునకైనను, బడికి నడచిపోవుట సాధ్యమే.