మార్లవాయిలో రెండు సమాధులు



ఏటా జనవరి 11న జైనూరు మండలం మార్లవాయిలో మన వాళ్లు రెండు సమాధుల దగ్గర చేరి నివాళులు అర్పిస్తారు. ఒకటి ప్రొఫెసర్ క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గారిది, రెండోది ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ గారిది. ఒకసారి మా హాస్టల్ పిల్లలను అక్కడికి తీసుకెళ్తే, వీళ్లు మన వాళ్లు కాదు కదా, మరి మన ఊళ్లో ఎందుకున్నారని ఒక పాప అడిగింది. ఆ పాపకు చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాం.

హైమన్‌డార్ఫ్ గారు 1909 జూన్ 22న ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రం చదివి డాక్టరేట్ పొందారు. 1936లో మొదటిసారి మన దేశానికి వచ్చి నాగా కొండల్లో కొన్యాక్ నాగాల మధ్య ఉన్నారు. 1938లో లండన్‌లో బెట్టి గారిని పెళ్లి చేసుకున్నారు. 1939లో ఇద్దరూ మళ్లీ ఇక్కడికి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్ వారి లెక్కలో ఆయన శత్రుదేశపు మనిషి. అందుకని హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదన్న షరతు మీద ఇక్కడ ఉండనిచ్చారు. అలా నల్లమల చెంచులను, గోదావరి తీరంలోని కొండరెడ్లను చూసి, ఆ తర్వాత ఆదిలాబాద్ అడవులకు వచ్చారు.

అప్పటికి ఇక్కడి పరిస్థితి మన పెద్దలందరికీ తెలుసు. రిజర్వు ఫారెస్టు గీతలు గీసి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించారు. సాగు చేసుకుంటున్న భూములకు కాగితం లేదు. ఆ అన్యాయం మీదనే కుమ్రం భీం జోడేఘాట్‌లో పోరాడి 1940లో ప్రాణాలిచ్చారు. ఆ పోరాటంతో కదిలిన నిజాం ప్రభుత్వం, ఆదివాసుల బాధలు ఏమిటో చూసి చెప్పమని హైమన్‌డార్ఫ్ గారిని అడిగింది. ఈ మాట మనం మరిచిపోకూడదు. జోడేఘాట్‌లో రక్తం చిందిన తర్వాతే మార్లవాయిలో బడి వచ్చింది.

ఆయన బంగళాల్లో కూర్చుని నివేదిక రాయలేదు. దంపతులిద్దరూ మార్లవాయిలో మన ఇళ్లలాంటి ఇంట్లోనే కాపురం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. పెర్సాపేన్ పూజలు, దండారి, పెళ్లిళ్లు, చావులు అన్నీ దగ్గరుండి చూశారు. భూమి లేనివారికి, కాగితం లేనివారికి పట్టాలు ఇప్పించడానికి పట్టుబట్టారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులే వచ్చి ఆదివాసుల గోడు వినే దర్బారుకు ఆనాడే బాట పడింది. ఆ దర్బారు నేటికీ సాగుతోంది.

టీచర్ ట్రైనింగ్ అయిన మాకు ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దదిగా కనబడేది 1943లో మార్లవాయిలో పెట్టిన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం. అప్పుడు చదువు వచ్చిన గోండులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బయటి నుంచి పంతుళ్లను తెస్తే నిలవరు, నిలిచినా పిల్లల మాట వారికి అర్థం కాదు. అందుకని మన యువకులకే చదువు చెప్పి, వారినే మన ఊళ్లకు పంతుళ్లుగా పంపారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లాలని మాకు ట్రైనింగులో నేర్పారు. ఆ పాఠం మన అడవిలో మేము పుట్టకముందే అమలైంది.

తర్వాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1976లో పదవీ విరమణ చేసి మళ్లీ మన ఊళ్లు తిరిగారు. తాను ఇప్పించిన పట్టా భూములు చాలా చోట్ల పరుల చేతుల్లోకి పోయాయని, బడుల్లో గోండి వాచకాలు మూలపడ్డాయని చూశారు. చూసినదాన్ని దాచకుండా 1982లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. తన పని చెడిపోయిందని తానే ఒప్పుకుని రాయడం చిన్న విషయం కాదు.

1987 జనవరి 11న బెట్టి గారు హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెకు మార్లవాయిలోనే సమాధి కట్టారు. హైమన్‌డార్ఫ్ గారు 1995 జూన్ 11న లండన్‌లో పోయారు. 2012లో ఆయన అస్థికలను కుటుంబం మార్లవాయికి తీసుకొచ్చింది. మన వాళ్లు తమ ఇంటి పెద్దకు చేసినట్టే చేసి బెట్టి గారి పక్కనే ఉంచారు.

ఇదంతా విని ఆ పాప, అయితే మన మాట నేర్చుకున్నందుకు ఇక్కడ ఉంచుకున్నామా అని అడిగింది. అవునన్నాం. కానీ ఆ జవాబు మమ్మల్ని వదల్లేదు. ఇప్పటికీ జూన్‌లో కొత్తగా చేరిన చిన్నపిల్లలు గోండిలో గలగలా మాట్లాడుతూ వస్తారు, తరగతి గదిలో మూగబోతారు. వారికి తెలివి లేదని మేమూ కొన్నేళ్లు అనుకున్నాం. తప్పు పిల్లలది కాదు, మాది. ఇప్పుడు రాత్రి స్టడీ అవర్‌లో చిన్నవాళ్ల పాఠాన్ని పెద్ద అమ్మాయిల చేత ముందు గోండిలో చెప్పిస్తున్నాం, తర్వాత తెలుగులో. వారం తిరక్కముందే నోళ్లు విచ్చుకుంటున్నాయి.

సమాధుల మీద పూలు వేయడం మన మర్యాద. మన భూమి కాగితం మన పేరు మీదే నిలబెట్టుకోవడం, మన పిల్లలకు మన మాటలో మొదటి పాఠం చెప్పుకోవడం మన పని. మార్లవాయి వచ్చే ప్రతి ఒక్కరూ పూలతో పాటు ఈ రెండు పనులనూ గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాం.

జై సేవ.