పేకముక్కల కంపెనీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు

మారియో అంటే తెలియనివాళ్ళు మన క్యాంపస్‌లో ఉండరు. గేమ్‌బాయ్ పేరూ చాలామంది వినే ఉంటారు. కానీ గున్‌పే యొకోయ్ ఎవరంటే తెల్లమొహం వేస్తాం. ఈ సెమిస్టర్‌లో నేనూ, మా రూమ్‌మేట్స్ ఇద్దరూ కలిసి డాంకీ కాంగ్ అనే పాత వీడియో గేమ్‌ని పేకాటగా మార్చే పని పెట్టుకున్నాం. ఆ గేమ్ చరిత్ర తవ్వుతుంటే ఈయన తగిలారు. ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఉన్న మనకి ఈయన కథ చాలా అవసరం అనిపించింది.

యొకోయ్ 1941లో జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. క్లాస్ టాపరేం కాదు. పెద్ద పెద్ద కంపెనీలు తీసుకోలేదు. 1965లో సొంతూళ్ళోనే ఉన్న నింటెండోలో చేరారు. అప్పటికి నింటెండో అంటే వీడియో గేమ్‌లు కాదు. 1889 నుంచి హనఫుడా అనే పేకముక్కలు చేసి అమ్ముకునే కంపెనీ. మన పేకలో 52 ముక్కలుంటే హనఫుడాలో 48. వాటి మీద అంకెలుండవు, పూలూ చెట్లూ ఉంటాయి. 12 నెలలు, నెలకి నాలుగు ముక్కలు. ఆ ముక్కలు తయారుచేసే మెషీన్లు చెడిపోకుండా చూసుకోవడమే మన ఇంజనీరుగారి డ్యూటీ.

మెషీన్లు సరిగ్గా నడుస్తుంటే మెయింటెనెన్స్ వాళ్ళకి పనేముంటుంది? ఖాళీగా కూర్చోలేక ఆయన ఒక బొమ్మ చేసుకున్నారు. పిడులు నొక్కితే కత్తెరలా సాగి, దూరంగా ఉన్న వస్తువుని పట్టుకునే చెయ్యి. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చిన ప్రెసిడెంట్ హిరోషి యమౌచి కంట అది పడింది. తిట్లు పడాల్సిన చోట, దాన్నే అమ్మకానికి తయారు చెయ్యమని ఆర్డర్ పడింది. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడైంది. మెయింటెనెన్స్ కుర్రాడు బొమ్మల డిజైనర్ అయిపోయారు.

అక్కణ్ణుంచి ఆయన పద్ధతి ఒక్కటే. కొత్త టెక్నాలజీ వెంట పరిగెత్తరు. బాగా పాతబడి, చవకై, లోటుపాట్లన్నీ తెలిసిపోయిన టెక్నాలజీని తీసుకుని, దాన్ని ఎవరూ వాడని పనికి వాడతారు. ఒకసారి బుల్లెట్ ట్రైన్‌లో ఒకాయన ఏమీ తోచక క్యాల్క్యులేటర్ బటన్లు నొక్కుతూ కూర్చోవడం చూశారు. ఆ క్యాల్క్యులేటర్ స్క్రీన్‌తోనే ఆట ఎందుకు ఆడకూడదు అనుకున్నారు. అలా 1980లో గేమ్ అండ్ వాచ్ పుట్టింది. 1982లో అదే సిరీస్‌లో వచ్చిన డాంకీ కాంగ్ కోసం ప్లస్ గుర్తు ఆకారంలో బటన్ పెట్టారు. ఇవాళ్టికీ గేమ్ కంట్రోలర్ల మీద మన ఎడమ బొటనవేలికి తగిలే బటన్ అదే.

అసలు డాంకీ కాంగ్ 1981లో వచ్చింది. అమెరికాలో అమ్ముడుపోక మిగిలిన రాడార్ స్కోప్ మెషీన్లలోనే కొత్త ఆట పెట్టి నష్టం పూడ్చుకోవాలని కంపెనీ ప్లాన్. షిగేరు మియమోటో అనే యువకుడు డిజైన్ చేస్తే, పైనుండి చూసుకున్నది యొకోయ్. మారియో మొదట కనిపించింది అందులోనే.

మా పేకాట ఆగిపోయింది కూడా ఇక్కడే. నిచ్చెనలెక్కడం సులువే, వైకుంఠపాళి ఆడినవాళ్ళం కదా. కానీ దొర్లుకుంటూ వచ్చే పీపాని సరిగ్గా సమయానికి దూకడంలోనే ఆ గేమ్ మజా అంతా ఉంది. పేకముక్కకి స్పీడు ఎక్కడిది? స్టాప్‌వాచ్ పెడదామా, ఫోన్‌లో యాప్ రాద్దామా అని చాలా గొడవపడ్డాం. యొకోయ్ గురించి చదివాక యాప్ ఆలోచన వదిలేశాం. పేకముక్కకి వెనకవైపు ఉంది, అది చాలు. పీపా ముక్కలు, ఖాళీ ముక్కలు కలిపి బోర్లా పేరుస్తాం. ముక్క తిప్పకముందే చేతిలో ఉన్న కొద్దిపాటి దూకుడు ముక్కల్లో ఒకటి వెయ్యాలా వద్దా తేల్చుకోవాలి. ఖాళీకి దూకితే ముక్క దండగ. దూకకపోతే, పీపా తగిలితే, కిందకి. వేళ్ళ స్పీడు పోయింది కానీ గుండెదడ మాత్రం అలాగే మిగిలింది.

1989లో గేమ్‌బాయ్ వచ్చింది. పోటీ కంపెనీలు కలర్ స్క్రీన్లు తెచ్చినా, ఈయనది పచ్చటి స్క్రీన్ మీద నలుపే. కానీ చవక, గట్టిది, బ్యాటరీలు త్వరగా అయిపోవు. గెలిచింది అదే. 1995లో వచ్చిన వర్చువల్ బాయ్ మాత్రం ఘోరంగా ఫెయిలైంది. ఏడాది తిరక్కుండానే ఆపేశారు. 1996లో ఆయన నింటెండో వదిలి కోటో అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. 1997 అక్టోబర్ 4న హైవే మీద చిన్న యాక్సిడెంట్ అయితే, ఏమైందో చూద్దామని కారు దిగారు. ఇంకో కారు వచ్చి గుద్దింది. అప్పటికి ఆయన వయసు 56.

ఆయన చివరిగా పనిచేసిన వండర్‌స్వాన్ 1999లో బందాయ్ పేరుతో బయటికొచ్చింది. అప్పటికీ పద్ధతి మారలేదు. అది నడవడానికి ఒక్క పెన్సిల్ బ్యాటరీ చాలు.

డ్రీమ్ కంపెనీ పిలవకపోతే జీవితం అయిపోయిందనుకునే ఫ్రెండ్స్ నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళకి నేను ఈయన కథే చెప్తున్నాను. దొరికిన చోట, దొరికిన సామాన్లతో ఏం చేశామన్నదే లెక్క.