కాకినాడకు చేరిన ఆఖరి కోరిక

సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. నేను కలెక్టరేటులో ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళతో కాలక్షేపం చేసిన గుమాస్తాను, శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా జె.బి.ఎస్. హాల్డేన్ గారి గురించే వ్రాయాలనిపించింది. కారణం చివర మనవి చేస్తాను.

హాల్డేన్ గారు 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో పుట్టారు. తండ్రి గనుల్లోని విషవాయువులను పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. కొడుకును చిన్నతనంలోనే గనిలోకి తీసుకుపోయి, మీథేను చేరిన చోట నిలబడమన్నారు. కాసేపటికి కుర్రవాడు కాళ్ళు తేలిపోయి కూలబడ్డాడు. ఆ వాయువు గాలి కంటే తేలిక, పైనే ఉంటుంది కనుక నేల దగ్గర తేరుకున్నాడు. పెద్దయ్యాక తన ఒంటినే ప్రయోగశాల చేసుకున్నారు. 1939 జూన్‌లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోతే, కారణం తెలుసుకోవడానికి మూసిన ఉక్కు గదిలో తానూ కూర్చున్నారు. మన బీచిలో కురుసురా లోపలికి వెళ్ళి వచ్చిన వారికి అదెంత సాహసమో వేరే చెప్పనక్కరలేదు. ఇటువంటి ప్రయోగాలలోనే ఒకసారి మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతింది.

ఆయన కాలేజీలో చదివింది గణితం, ప్రాచీన గ్రీకు లాటిన్ విద్యలు. సైన్సు డిగ్రీ లేదు. అయినా డార్విన్ సిద్ధాంతాన్ని లెక్కలతో నిలబెట్టిన ముగ్గురు ప్రముఖుల్లో ఒకరయ్యారు.

ప్రాణులు చేసే పనికి ప్రయోజనమేమిటి, అర్థమేమిటి అనే ప్రశ్నను కూడా ఆయన విడిచిపెట్టలేదు. తేనెటీగ పూలు చూసివచ్చి పట్టు మీద నాట్యం చేసి దిక్కూ దూరమూ తెలుపుతుందని ఫ్రిష్ అనే పండితుడు కనిపెట్టారు. 1954లో హాల్డేన్ గారు, భార్య హెలెన్ స్పర్వే గారు కలిసి ఆ నాట్యం ఎంత సమాచారం అందిస్తుందో లెక్క కట్టారు. ఈగ తాను ఎగరబోయే ప్రయాణానికి పడే సన్నాహమే కాలక్రమాన నాట్యమైందని వారి అభిప్రాయం. నేను చేతికర్ర తీయగానే మా వీధి కుక్క గేటు దగ్గరకు వచ్చి నిలబడుతుంది. నా సన్నాహం దానికి కబురు. ఈగల సంగతీ అటువంటిదే.

1955లో ఇంకో ప్రశ్న వేశారు. వరదలో కొట్టుకుపోతున్న బిడ్డ కోసం మనిషి ప్రాణానికి తెగించి ఎందుకు దూకుతాడు? ఆ బిడ్డ తన బిడ్డో, తోబుట్టువో అయితే అటువంటి గుణం వంశంలో నిలుస్తుందనీ, చుట్టరికం దూరమైన కొద్దీ నిలిచే అవకాశం తగ్గుతుందనీ లెక్క చూపారు. ఆ వెంటనే, తాను రెండుసార్లు నీళ్ళలోంచి మనుషులను బయటకు లాగినప్పుడు ఈ లెక్కలకు వ్యవధి లేకపోయిందని కూడా నిజాయితీగా వ్రాశారు. లెక్క సరిగ్గా ఉండవచ్చు, కాని దూకేవాడి మనసులో ఉండేది లెక్క కాదు.

మిత్రులారా, 1957లో ఆయన ఇంగ్లండు వదిలి కలకత్తాలోని మహలనోబిస్ గారి సంస్థకు వచ్చేసరికి వయస్సు 64. నేను 58కే పదవీ విరమణ చేసి ఇక నా పని అయిపోయిందనుకున్నవాణ్ణి. ఆయన ఆ వయస్సులో పంచె లాల్చీ కట్టి, శాకాహారిగా మారి, కొత్త దేశంలో కొత్త పని మొదలుపెట్టారు, మన దేశ పౌరసత్వమూ స్వీకరించారు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా కళ్ళు తెరిచి చూస్తే పరిశోధన జరుగుతుందని కుర్రవాళ్ళకు నేర్పారు. ఆయన శిష్యుల్లో మన పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఒకరు. లంటానా పూలలో ఏ రంగు మీద ఏ జాతి సీతాకోకచిలుక వాలుతుందో ఓపికగా లెక్కపెట్టి, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రంగు మీద మక్కువ అని 1960లో ప్రకటించారు.

1962లో హాల్డేన్ గారు భువనేశ్వర్ చేరారు. రెండేళ్ళకే కాన్సరు బయటపడింది. లండన్ ఆసుపత్రిలో మంచం మీద ఉండి ఆ జబ్బు మీదనే హాస్య కవిత వ్రాశారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. బ్రతికినన్నాళ్ళు ప్రయోగాలకు ఇచ్చిన శరీరాన్ని చనిపోయాక కూడా వైద్య విద్యార్థుల చదువుకే ఇవ్వాలని వీలునామా వ్రాశారు. అందుకు ఎంచుకున్నది మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీని. అది అప్పటికి ఆరేళ్ళ క్రితం, 1958లో పెట్టిన కాలేజీ.

ఇక నా కారణం. రెండేళ్ళ క్రితం నేనూ దేహదానం కాగితాలు తెచ్చుకున్నాను. పిల్లలు ఒప్పుకున్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు. కర్మకాండ లేకపోతే నేను పోయినట్టు తన మనసుకు ఎలా తెలుస్తుందని అడిగింది. ప్రయోజనం గురించి నేను చాలా చెప్పాను. తను అడిగింది అర్థం గురించి అని ఆలస్యంగా బోధపడింది. తేనెటీగలు కూడా చచ్చిన ఈగను పట్టులోంచి బయట పడవేస్తాయి, అది శుభ్రత కోసం. దీపం పెట్టి తలచుకునేది మనిషే. ఆ దీపాన్ని కాదనే హక్కు నాకు లేదు.

అందుకని ఆవిడకు ఒక మాట ఇచ్చాను. శరీరం కాలేజీకి వెళ్ళినా ఇంట్లో పదో రోజు దీపం, భోజనాలు, దానం అన్నీ తను అనుకున్నట్టే జరగాలని పిల్లలకు వ్రాసిపెడతాను. తను ఇంకా సంతకం చేయలేదు. కాగితాలు బీరువాలో ఉన్నాయి. తను కాదంటే అక్కడే ఉంటాయి. ఈ సంచిక ఇంటికి వచ్చాక ముందుగా ఆవిడ చేతికే ఇస్తాను.