తల తెగిన ప్రిన్స్.. మఠంలో మగ్గిన కూతురు

ఇంగ్లండ్ రాజుగారి పెద్దకొడుకును ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అంటారు. ఆ బిరుదు మొదట్లో ఇంగ్లండ్ వాళ్లది కానేకాదు. వేల్స్‌లో ప్రిన్స్ అంటే రాజుగారి అబ్బాయి కాదు, ఏలికే. 1267లో మూడో హెన్రీ రాజు మోంట్‌గోమెరీ ఒప్పందంలో ఆ హోదాను లెవెలిన్ ఆప్ గ్రిఫిత్‌కు ఒప్పుకున్నాడు. ఊరికే కాదు, 25 వేల మార్కులు కట్టాలన్న షరతు మీద.

ఆ ఇంట్లో చెరసాల కొత్తేం కాదు. లెవెలిన్ తండ్రి 1244లో లండన్ టవర్ నుంచి దుప్పట్లు ముడేసి దిగబోయి, కిందపడి చనిపోయాడు. లెవెలిన్ కూడా తక్కువవాడేం కాదు. 1255లో అన్న ఒవైన్‌ను యుద్ధంలో ఓడించి, ఇరవై ఏళ్లకు పైగా బందీగా ఉంచాడు. తమ్ముడు దావిత్ ఒకసారి అన్న వైపు, మరోసారి ఇంగ్లండ్ వైపు. 1274లో అన్నను చంపించాలని చూసి, గుట్టు రట్టయ్యాక ఎడ్వర్డ్ రాజు పంచన చేరాడు.

ఎడ్వర్డ్‌కు లొంగి మొక్కడానికి లెవెలిన్ రానన్నాడు. అతనికి నిశ్చయమైన పెళ్లికూతురు ఎలినార్ ఫ్రాన్స్ నుంచి ఓడలో వస్తుంటే ఎడ్వర్డ్ మనుషులు పట్టుకుపోయారు. ఆమె ఎడ్వర్డ్‌కు సొంత మేనత్త కూతురే. 1277 యుద్ధంలో లెవెలిన్ ఓడి, చాలా భూమి పోగొట్టుకున్నాడు. మరుసటేడు వూస్టర్ చర్చిలో ఎడ్వర్డే దగ్గరుండి ఆ పెళ్లి జరిపించాడు.

1282 మార్చిలో ఈసారి దావితే ఇంగ్లండ్ మీద తిరగబడ్డాడు. లెవెలిన్ తమ్ముడి పక్కనే నిలిచాడు. జూన్‌లో ఎలినార్ ఆడపిల్లను కని కన్నుమూసింది. డిసెంబర్ 11న కిల్మెరి దగ్గర, సొంత సైన్యానికి దూరమైన లెవెలిన్ ఇంగ్లిషు వాళ్ల చేతిలో చిక్కి చనిపోయాడు. తలను లండన్ తీసుకెళ్లి టవర్ మీద నిలబెట్టారు.

ఆ పసిబిడ్డ పేరు గ్వెన్లియన్. పెరిగి పెళ్లయితే వారసులు పుడతారు కదా! ఎడ్వర్డ్ భయమంతా అదే. అమ్మానాన్నా లేని బిడ్డను లింకన్‌షైర్‌లోని సెంప్రింగ్‌హామ్ సన్యాసినుల మఠానికి పంపేశాడు. వేల్స్ గడ్డకు అది చాలా దూరం. ఆమె పేరు కూడా అక్కడివాళ్లకు నోరు తిరగలేదు, రాతల్లో రకరకాలుగా మారిపోయింది. తర్వాత మూడో ఎడ్వర్డ్ ఆమెకు ఏటా 20 పౌన్ల భత్యం ఇచ్చాడు. 1337 జూన్‌లో, 55వ ఏడు నిండకముందే, ఆ మఠంలోనే ఆమె పోయింది.

దావిత్‌ను 1283లో ష్రూస్‌బరీలో ఘోరంగా చంపారు. అతని ఇద్దరు కొడుకులు చిన్నపిల్లలుగానే బ్రిస్టల్ కోటకు చేరారు. పెద్దవాడు 1287లో చనిపోయాడు. చిన్నవాడు ఒవైన్‌ను రాత్రిళ్లు ఇనుప పట్టీల కొయ్యబోనులో పెట్టాలని 1305లో ఎడ్వర్డ్ హుకుం జారీ చేశాడు. అప్పటికే అతను చెరలో ఇరవై ఏళ్లు దాటేశాడు. 1325లోనూ అక్కడే ఉన్నాడు. ఆ ఇంట్లో పుట్టినందుకు తప్ప మరే నేరమూ అతను చేయలేదు.

ఇక మిగిలింది మరో తమ్ముడి మనవడు, ఎర్రచేతి ఒవైన్. ఫ్రాన్స్ రాజు కొలువులో చేరి వేల్స్ తనదేనన్నాడు. 1378లో నమ్మకంగా చేరిన ఓ గూఢచారి అతన్ని పొడిచి చంపాడు. ఇంగ్లండ్ ఖజానా నుంచి హంతకుడికి ముట్టిందీ 20 పౌన్లే.

బిరుదు మాత్రం 1301లోనే ఎడ్వర్డ్ కొడుక్కి దక్కింది. కిల్మెరిలో 1956లో నిలబెట్టిన రాతి స్తంభం దగ్గర ఏటా డిసెంబర్‌లో జనం చేరతారు. గ్వెన్లియన్ పుట్టిన ఆబెర్‌కు పైనున్న కొండల్లో ఓ శిఖరానికి 2009లో ఆమె పేరు పెట్టారు.