లాసా బాటసారి

యాత్రికుల చరిత్రలలో గమ్యం చేరిన దినానికి లభించే ప్రాధాన్యం ఆ దినం కోసం గడచిన ఏండ్లకు లభించదు. అలెగ్జాండ్రా డేవిడ్ నీల్ అనగానే, 1924లో నిషిద్ధ నగరమైన లాసాలో అడుగుపెట్టిన పాశ్చాత్య మహిళ అన్న మాటే అందరికీ స్ఫురిస్తుంది. ఆ మంచుకొండలను కాలినడకన దాటడానికి ఆమెకు పట్టిన కాలం సుమారు నాలుగు మాసాలు. అందుకు సంసిద్ధురాలు కావడానికి పట్టిన కాలం పదకొండు సంవత్సరాలు. ఆమె జీవితాన్ని తెలుసుకోగోరే వారికి ఈ రెండవ సంఖ్యే ముఖ్యమైనది.

అలెగ్జాండ్రా 1868 అక్టోబరు 24న పారిస్ సమీపంలోని సేంట్ మాండేలో జన్మించింది. ఇల్లు విడిచి పారిపోవడం ఆమెకు బాల్యం నుంచీ అలవాటు. పదిహేడేళ్ల ప్రాయంలో స్విట్జర్లాండు చేరి, సేంట్ గోథార్డ్ కనుమను ఒంటరిగా నడిచి దాటి, ఇటలీ సరస్సుల సీమలో ప్రవేశించింది. వెంట ఉన్నవి ఒక వానకోటు, గ్రీకు తాత్త్వికుడు ఎపిక్టెటస్ గ్రంథం. చేతిలోని సొమ్ము నిండుకోగా తల్లి వచ్చి వెంటబెట్టుకొని పోవలసివచ్చింది. ఆ నడకలో సాహసం నిండుగా ఉంది, సన్నాహం లేదు.

తరువాత ఆమె సంగీత నాటకశాలలలో గాయనిగా జీవించింది. 1904లో ట్యునీసియాలో ఫిలిప్ నీల్ అనే రైల్వే ఇంజనీరును వివాహమాడింది. బౌద్ధధర్మంపై ఆసక్తి ఆమెను గృహంలో నిలువనీయలేదు. పద్దెనిమిది మాసాలలో తిరిగివస్తానని భర్తకు మాట ఇచ్చి 1911 ఆగస్టులో భారతదేశానికి బయలుదేరింది. ఆమె తిరిగివెళ్లింది 1925లో. ఆ పద్నాలుగేండ్లూ భర్త ధనం పంపుతూనే ఉన్నాడు, ఉత్తరాలు వ్రాస్తూనే ఉన్నాడు. ఆ ఓర్పుకు చరిత్రలో దక్కిన చోటు స్వల్పం.

మద్రాసులోని అడయారు మీదుగా ఉత్తరాదికి సాగిన ఆమె 1912 ఏప్రిల్‌లో కాలింపాంగ్‌లో పదమూడవ దలైలామాను దర్శించింది. టిబెటన్ భాష నేర్చుకొమ్మని ఆయన సలహా ఇచ్చాడు. ఉన్నత పర్వతయాత్రకు ఆమె పొందిన తొలి ఉపదేశం అదే కావడం విశేషం. బాట అడగడానికీ, ఆశ్రయం వేడడానికీ, అనుమానించినవారికి బదులు చెప్పడానికీ కాళ్లకన్న నాలుకే ముందుగా సిద్ధపడాలి.

అప్పటికి ఆమె వయస్సు నలభై మూడు. హిమాలయాలకు కొత్త. సిక్కింలో ఆమె తొలి సంచారాలు గుర్రాలతో, సేవకులతో, గుడారాలతో సాగాయి. గాంగ్‌టక్ సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. దానికి ఉత్తరాన ఉన్న లాచెన్ గ్రామం సుమారు 2,700 మీటర్లు. ఆ పైన దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఒక యోగి గుహాశ్రమం ఉండేది. లాచెన్ గోంచెన్ అని ప్రసిద్ధుడైన ఆ యోగికి ఆమె శిష్యురాలై, 1914 నుంచి 1916 వరకు ఆ పరిసరాలలోనే తపోజీవనం గడిపింది. శీతకాలంలో మంచు దారులను మూసివేసేది. భాష, శాస్త్రం, ధ్యానం ఆమె దినచర్య. దేహంలో ఉష్ణం పుట్టించే తుమ్మో అనే శ్వాససాధన కూడా అక్కడే అభ్యసించింది.

ఈ నివాసం ఆమెకు తెలియకుండానే మరొక ఉపకారం చేసింది. 4,000 మీటర్ల ఎత్తున శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సుమారు అయిదింట రెండు వంతులు తరుగుతుంది. అంటే నూటికి అరవై పాళ్లే మిగులుతుంది. పైకి త్వరపడి ఎక్కినవారికి తలనొప్పి, వాంతులు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం కలుగుతాయి. అందుచేతనే 3,000 మీటర్లు దాటిన పిమ్మట నిద్రించే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదనీ, మూడు నాలుగు రోజులకొకమారు విశ్రమించాలనీ నేటి వైద్యులు కొత్తవారికి చెబుతారు. అలెగ్జాండ్రా పాటించిన గడువు అంతకన్న ఎంతో ఉదారమైనది.

1914లో యోంగ్డెన్ అనే సిక్కిం బాలుడు ఆమె పరివారంలో చేరాడు. అనంతరం అతడే ఆమెకు దత్తపుత్రుడయ్యాడు. 1916లో అనుమతి లేకుండా షిగాట్సే వెళ్లివచ్చినందుకు ఆంగ్ల ప్రభుత్వం ఆమెను సిక్కిం నుంచి వెళ్లగొట్టింది. జపాన్, కొరియా, చైనాల మీదుగా తిరిగి, కుంబుమ్ మఠంలో రెండేండ్లకు పైగా ఉండి గ్రంథాధ్యయనం సాగించింది. లాసా చేరడానికి చేసిన ప్రయత్నాలు ఒకదాని వెంట ఒకటిగా విఫలమయ్యాయి. పరివారమూ సామానూ ఉన్న విదేశీయురాలు ఎవరి కంటా పడకుండా పోజాలదని ఆమె గ్రహించింది.

1923 శరదృతువులో యునాన్ నుంచి బయలుదేరినప్పుడు ఆమె తల్లి, యోంగ్డెన్ కొడుకు. ఇద్దరూ భిక్షాటన చేసే తీర్థయాత్రికులు. జుట్టుకు నల్లసిరా పూసి, జడలబర్రె వెంట్రుకలతో సవరం కట్టింది. ముఖానికి కోకోపొడి, బొగ్గుపొడి కలిపి అలదింది. మూటలోనికి ఏది చేరాలన్నా దాని బరువు ముందు విచారించబడేది. పలుచని నూలు గుడారం, ఒకే ఒక వంటపాత్ర, చెప్పులకు అట్టలు వేసుకోవడానికి తోలుముక్క, వేయించిన యవల పిండి, వెన్న, తేయాకు, ఉప్పు. చలిరాత్రులలో ఆ గుడారపు గుడ్డనే కప్పుకొనేవారు. తెల్లని ఆ గుడ్డ దూరానికి మంచులా కనబడి వారిని దాచేది కూడా. దుస్తుల మాటున దిక్సూచి, రివాల్వరు ఉండేవి.

ఇంత సన్నాహమూ వారిని ఆపదల నుంచి తప్పించలేదు. ఒక కనుమ దిగిన రాత్రి చెకుముకి రాయి తడిసి నిప్పు రాజుకోలేదు. యోంగ్డెన్ చలికి వణకిపోతున్నాడు. ఆమె ఆ రాయిని వస్త్రాలలో దాచి, లాచెన్‌లో నేర్చిన సాధనతో దేహాన్ని వేడెక్కించి దానిని ఆరబెట్టింది. నిప్పు పుట్టింది. మరికొన్ని దినాలకు మంచులో జారిపడి అతని చీలమండ బెణికింది. నడక నిలిచిపోయింది, ఆహారం అయిపోయింది. ఆ క్రిస్మస్ దినాలలో చెప్పులకు దాచిన తోలుముక్కను ఉడికించి ఆ నీరు త్రాగారు. కుంటుతున్న కుమారుని విడిచి ముందుకు పోవడమన్న ప్రసక్తి ఆమెకు లేదు. లాసాకై పదకొండేండ్లు వేచిన స్త్రీ అక్కడ అతని కాలు నయమయ్యే వరకు వేచింది.

1924 ఆరంభంలో, టిబెటన్ల నూతన సంవత్సర ఉత్సవాల సమయంలో, వారిద్దరూ లాసా చేరారు. ఆమెకు అప్పటికి యాభై ఐదేళ్లు. యాత్రికుల గుంపులలో కలిసి పొటాలా ప్రాసాదాన్ని దర్శించి, రెండు మాసాలు ఆ నగరంలో ఉండి వెనుదిరిగింది. ఈ ప్రయాణకథ 1927లో గ్రంథరూపం ధరించింది.

ఫ్రాన్సులోని డీన్య్ పట్టణంలో ఆమె ఇల్లు కట్టుకొన్నది. యోంగ్డెన్ ఆమెకన్న ముందే, 1955లో కన్నుమూశాడు. నూరేళ్ల వయస్సులో ఆమె పాస్‌పోర్టును పునరుద్ధరించుకొన్నది. 1969 సెప్టెంబరు 8న మరణించింది. 1973లో తల్లీకొడుకుల చితాభస్మాలను కాశీకి తెచ్చి గంగలో కలిపారు.